గూని ఈగ రాని మధ్యాహ్నం

మా వదిన పెద్దకర్మ భోజనాలయ్యాక, పెరట్లో విస్తరాకులు పారేసిన చోట ఎర్ర చీమలు బారులు తీరాయి. రసాలు పిండుకుని పడేసిన టెంకల మీద పసుపన్నది కనబడకుండా మూగాయి. నేను గోలెం దగ్గర చెయ్యి కడుక్కుంటూ ఊరికే అటు చూస్తున్నాను. ఉన్నట్టుండి ఒక టెంక మీద చీమలన్నీ కదలడం మానేశాయి. కొన్ని తలలు పైకెత్తి నోళ్లు తెరిచాయి. కొన్ని వచ్చిన దారినే వెనక్కి పరుగు పెట్టాయి. నేను ఇంట్లోకి తిరిగి, "వదినా, వాడొచ్చాడు!" అని కేకేశాను.

వసారాలో కూర్చున్న చుట్టాలందరూ నా వైపు తిరిగారు. మా ఆయన తల దించుకున్నాడు. తెరిచిన నోరు ఎలా ముయ్యాలో నాకు తెలియలేదు. గోలెంలో ఇంకో చెంబు నీళ్లు ముంచి, కడుక్కున్న చెయ్యే మళ్లీ కడుక్కున్నాను.

మా వదినంటే మా ఆయనకి స్వయానా అక్క. బెజవాడలో ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఆరు కాళ్ల సంబంధం ఉంటే చూడండి, రేపే పీటల మీద కూర్చుంటా" అనేది. అడిగినవాళ్లు మళ్లీ అడిగేవారు కాదు. వేసవి సెలవులు ఇవ్వగానే ఆగిరిపల్లిలో మా ఇంటికి దిగిపోయేది. దిగిందన్న మాటే గానీ ఇంట్లో ఉండేదెప్పుడు? మంచినీళ్లు తాగిన గ్లాసు కింద పెట్టీ పెట్టకముందే గొడుగు చంకలో పెట్టుకుని తోటకి బయల్దేరేది. ఆ గొడుగుకి ఒక ఊచ విరిగి, పట్టినప్పుడల్లా ఓ పక్కకి వాలిపోయి ఉండేది. కొత్తది కొనుక్కోవచ్చుగా వదినా అంటే, "దీని నీడ చీమలకి అలవాటైపోయిందమ్మాయ్. కొత్త నీడ పడితే కంగారు పడతాయి" అనేది. చీమల కంగారు గురించి పట్టించుకునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, గొంతుక్కూర్చుని, తల వాల్చేసి గంటలు గంటలు అలా ఉండిపోయేది. కాయకోతకొచ్చిన మగవాళ్లు చిక్కం కట్టిన గెడలు భుజాన వేసుకుని పోతూ పోతూ ఆవిణ్ణి చూసి నవ్వుకునేవారు. ఒకతను నా దగ్గరకొచ్చి, "అమ్మగారికి ఏదైనా పోయిందాండీ, మేం కూడా వెతుకుతాం" అన్నాడు పాపం నిజంగానే. నేను సాయంత్రానికి జంతికలు చేసి పెడితే అందులో సగం రుమాల్లో మూటకట్టుకుని పోయేది. నూనె వాసనకి చీమలు బాగా వస్తాయట. మా అత్తగారి తర్వాత నా జంతికలు మెచ్చుకున్నది చీమలే.

ఏం చూస్తారు వదినా ఇంతసేపూ అని అడిగాను, మొదటి వేసవిలోనే. నన్ను చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టింది. జంతిక ముక్క చుట్టూ ఎర్ర చీమలు. కాస్త అవతల చిన్న నల్ల చీమలు, దగ్గరికి రావడం, ఎర్రవి ఒక్కటి కదలగానే వెనక్కి పోవడం.

"ఎర్రవి బలం గలవి. కుడతాయి, గుంపుగా వస్తాయి. నల్లవాటిని ముక్క ముట్టుకోనివ్వవు. అయినా ఈ తోటలో నల్లవి బతికే ఉన్నాయి. ఎలాగంటావ్?"

"దేవుడి దయ వల్ల."

"ఆగు. తొందరపడకు. వాడొస్తాడు."

చాలాసేపటికి వచ్చాడు. ఆవగింజలో సగం ఉండే ఈగ, వీపు మీద గూనితో. ఒక చీమ వెనకాలే గాల్లో నిలబడి తారాడుతున్నాడు. అంతే, ఎర్ర చీమలకి ప్రాణాలు పోయినట్టయింది. ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. కొన్ని పుట్టలోకి దూరాయి. అవతల కాచుకుని ఉన్న నల్ల చీమలు తాపీగా వచ్చి జంతిక ముక్క ఎత్తుకుపోయాయి. ఈగ వాటి జోలికే పోలేదు.

"వాడికి ఎర్రవే కావాలి. రెప్పపాటులో చీమ ఒంట్లో గుడ్డు పెట్టేస్తాడు. ఆ పురుగు లోపల్లోపలే తిని, తలకాయలో చేరి, తల ఊడగొట్టుకుని బయటికొస్తుంది" అంది వదిన, బిడ్డకి అన్నప్రాశన సంగతి చెబుతున్నంత సంబరంగా.

"ఛీ! గుడ్డు పెట్టేది ఆడదైతే మళ్లీ వాడంటారేం?"

"నిజమేనమ్మాయ్. కానీ ఇంతమందిని హడలగొట్టేదాన్ని ఆడదనడానికి నోరు రావట్లేదు" అని పకపకా నవ్వింది. తర్వాత నెమ్మదిగా అంది: "చూడు, వాడు చంపేది ఏ నాలుగో అయిదో. మిగతావన్నీ తిండి వదిలి పారిపోయేది భయంతోనే. కుట్టడం కాదు, కుడుతుందన్న భయమే ఈ తోటంతా నడిపిస్తోంది."

డాక్టరేటు కోసం ఆవిడ రాసుకుంటున్నది అదే. వాడు ఎప్పుడు వస్తాడు, వచ్చినప్పుడు ఎర్రవి ఎంత వదులుకుంటాయి, నల్లవి ఎంత దక్కించుకుంటాయి అన్నది. వాడు ఎండలోనే తిరుగుతాడట. మబ్బు పట్టినా, గాలి లేచినా, పొద్దు వాలినా కనబడడట. ఈ మాట అప్పట్లో నాకు నోటికొచ్చేసింది. నాకే వస్తే ఇక ఆవిడకి చెప్పాలా.

మామిడి కోతలకి చంటిపిల్లల తల్లులు కూడా వస్తారు. చెట్టు నీడన గోనెపట్టా పరిచి, పిల్లని పడుకోబెట్టి, చుట్టూ చీమల మందు పొడితో గుండ్రంగా గీత గీస్తారు. మా తోటల్లో అది పిల్లకి దిష్టిచుక్క పెట్టినంత మామూలు. అయిదారేళ్ల కిందట ఓ వేసవిలో మా ఊరి కోటమ్మ కూడా తొలి కాన్పు పిల్లని చంకనేసుకుని వచ్చింది. నెలలు నిండని మామిడిపిందెలా ఉండేది పిల్ల. దుర్గ అని పేరు. కోటమ్మ పిల్లని పడుకోబెట్టిన చెట్టు, వదిన కూర్చునే వరసలోదే.

గీత చూడగానే వదిన లేచి వచ్చింది.

"పసిపిల్ల పక్కన విషమేంటే కోటమ్మా? గాలికి ముక్కులోకి పోతే? చెయ్యి పెట్టి నోట్లో పెట్టుకుంటే?"

"చీమలండీ అమ్మగారూ. కండలు పీకేస్తాయి."

"ఇక్కడ రావు. ఎండ ఉన్నంతసేపూ గూని ఈగలు తిరుగుతుంటాయి, వాటికి జడిసి ఎర్ర చీమలు ఇటు రావు. వస్తే నల్లవి వస్తాయి, అవి కుట్టవు. ఈ పొడి చల్లితే ఆ ఈగలే చచ్చిపోతాయి. నా మాట విని మానెయ్యి."

"మీరు చెప్పాక ఇంకేముందండీ" అంది కోటమ్మ. చీపురుపుల్లలతో గీత చెరిపేసింది. నేను పక్కనే ఉన్నాను. చదువుకున్న మనిషి చెబుతోంది, పైగా తోట యజమాని అక్క. నేనూ తలూపాను.

ఆ తర్వాత రోజులు బాగానే గడిచాయి. పిల్ల ఆడుకునేది, నిద్రపోయేది. వదిన చీమల దగ్గర నుంచి మధ్యమధ్య తల తిప్పి పిల్లని చూసి, నోటితో చిటికె వేసినట్టు చప్పుడు చేసేది. పిల్ల నవ్వేది.

ఆ రోజు ఎండ పొద్దుటి నుంచే పేలిపోతోంది. వదిన మాత్రం చిరాగ్గా ఉంది. "ఏంటో అమ్మాయ్, ఇవాళ వాడు ఆ పిల్ల చెట్టు దిక్కుకే రావట్లేదు" అని ఒకటికి రెండుసార్లు అంది. మధ్యాహ్నం దాటాక పడమటి నుంచి మబ్బు లేచింది. ఆవిడ గొడుగు ముడిచింది. "ఈ మబ్బులో వాడింక రాడు. ఇవాళ్టికి ఇంతే" అంటూ పాకలోకి వచ్చి, నేను పోసిన టీ అందుకుంది.

టీ సగమైనా తాగలేదు, గాలిదుమారం విరుచుకుపడింది. కాయలు దబదబా రాలడం మొదలుపెట్టాయి. మా దగ్గర గాలిదుమారం వస్తే తోటలో ఉన్న ప్రతివాళ్లూ గంపలు తీసుకుని పరిగెత్తాల్సిందే. రాలిన కాయ దెబ్బ తిన్నది, ఆ పూటే ఏరి ఊరగాయకి పంపకపోతే కుళ్లి ఊరుకుంటుంది. నేను బయటికొచ్చి గొంతు చించుకున్నాను. "కోటమ్మా! కాయలు! తొందరగా రా!" కోటమ్మ ఒకసారి గోనెపట్టా వైపు చూసింది. గంప అందుకుని పరిగెత్తింది. వదిన కూడా చెంగు బిగించి నాతో పాటు ఏరింది. దుమ్ము కళ్లలో పడి ఎవరికి ఎవరూ కనబడలేదు.

గాలి తగ్గాక ఏడుపు వినబడింది. అప్పటికి ఎంతసేపటి నుంచి ఏడుస్తోందో.

అందరికంటే ముందు పరిగెత్తింది వదినే, చెప్పులు కూడా లేకుండా. పిల్ల కళ్ల చుట్టూ, చెవుల్లో, పెదాల మీద ఎర్ర చీమలు. ఆవిడ వట్టి చేతులతో ఊడ్చేస్తూ, "వాడు రాడన్నాను, నేనే అన్నాను, నేనే అన్నాను" అంటోంది. ఆ మాటకి అర్థం ఆ గుంపులో ఇంకెవరికీ తెలియదు. నాకు తెలిసింది. వాడు రాకపోతే ఇవి వస్తాయి. ఆ ముక్క ఆవిడ నోట్లోనే ఉంది. టీ గ్లాసు పట్టుకున్నప్పుడు ఆవిడకి తట్టలేదు, నాకూ తట్టలేదు.

కాయలు ఎక్కించుకోవడానికొచ్చిన వ్యానులో ముగ్గురం పిల్లని తీసుకుని నూజివీడు ఆస్పత్రికి వెళ్లాం. డాక్టరు ఇంజక్షన్ చేస్తూనే కోటమ్మ మీద విరుచుకుపడ్డాడు. "తోటల్లో పనిచేసేదానివి, చుట్టూ మందు చల్లుకోవాలని తెలియదా?" కోటమ్మ ఏదో చెప్పడానికి నోరు తెరిచింది.

"నేనే వద్దన్నాను డాక్టరు గారూ" అంది మా వదిన. చేతులు అప్పటికే వాచిపోయి, వేళ్లు ముడుచుకోవడం లేదు. "తప్పు నాది."

కోటమ్మ ఆవిడ వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. నేను తలుపు వంక చూశాను.

పిల్ల బతికింది. జ్వరం తగ్గింది, వాపు తీసింది. ఎడం కంటి రెప్ప మాత్రం కాస్త వాలిపోయి ఉండిపోయింది. చూపుకేం లోటు లేదన్నారు. ఊళ్లోవాళ్లు ఇంటికొచ్చి మరీ వదినకి ధైర్యం చెప్పారు. "శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదమ్మా, మీరేం చేస్తారు" అంది ఎదురింటి పెద్దావిడ. "శివుడి ఆజ్ఞ కాదు పిన్నిగారూ, నా ఆజ్ఞ" అంది మా వదిన. ఆ పెద్దావిడ కాఫీ తాగకుండానే లేచి వెళ్లిపోయింది.

డాక్టరేటు అంతటితో ఆగిపోయింది. విరిగిన ఊచ గొడుగు మా వసారాలో చిలక్కొయ్యకి ఎక్కి, మళ్లీ దిగలేదు. ప్రతి వేసవీ ఆవిడ వచ్చేది. తోటకి మాత్రం వచ్చేది కాదు. వసారాలో కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చునేది. దుర్గకి గౌన్లు కుట్టించి తెచ్చేది. ఒకసారి బెజవాడ తీసుకెళ్లి కళ్ల డాక్టరుకి చూపించింది. పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి ఒళ్లో ఎక్కగానే ముందు బొటనవేలితో ఆ రెప్పని నిమిరేది, తర్వాతే ముద్దు. దుర్గ అది ఆట అనుకునేది. తనూ వేలితో ఆవిడ రెప్ప నిమిరేది.

నన్ను మాత్రం ఒకటే అడుగుతుండేది. చిక్కుళ్లు ఒలుస్తూ అడిగేది, తల దువ్వుకుంటూ అడిగేది, ఏ ముందూ వెనకా లేకుండా అడిగేది. "అమ్మాయ్, ఆ రోజు మందు వద్దని నేను బిడ్డ కోసం చెప్పానా, ఈగల కోసం చెప్పానా?"

"పోనీలెండి వదినా, పిల్ల బాగానే ఉందిగా" అనేదాన్ని.

"బిడ్డ కోసమే అయితే, విషం అని చెప్పి ఊరుకునేదాన్ని కదా. ఈగలు చచ్చిపోతాయని ఎందుకన్నాను?"

"పోనీలెండి వదినా."

పోనీలెండి అనడం ఎంత తేలిక! అన్నం వడ్డిస్తూ అనొచ్చు, రేడియో వింటూ అనొచ్చు. ఆవిడ అడిగిన ప్రశ్నలో నేను కూడా ఉన్నానని, కాయల కోసం కేకేసిన గొంతు నాదేనని, ఆ సంగతి పైకి రాకుండా చూసుకోవడానికే నేను తొందరగా మూత పెట్టేస్తున్నానని నాకు లోపల తెలుస్తూనే ఉండేది.

పోయినేడు వేసవిలో, దుర్గ పెరట్లో ఏదో చూసి ఆవిణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఎర్ర చీమలు, వాటి మీద తారాడుతూ గూని ఈగ. "అదేంటి అమ్మగారూ? దాన్ని చూసి అన్నీ పారిపోతున్నాయేం?" అని అడిగింది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. చీమ వెనక ఈగ ఎందుకొస్తుందో చెప్పమంటే రాత్రి భోజనాల దాకా చెప్పే మనిషి. చెబుతుందేమోనని ఎంత ఆశపడ్డానో. ఆవిడ పిల్లని ఎత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది. "ఈగ" అంది. అంతే. మొహం తిప్పేసుకుని ఇంట్లోకి వచ్చేసింది.

నాలుగైదు చీమల్ని చంపి మిగతావాటి నోటి దగ్గర తిండి ఒదిలించే ఈగ గురించి చెప్పిన మనిషే, తన ప్రాణానికి ప్రాణమైన పనిని అలా ఒదిలేసింది. నాకు కోపం కూడా వచ్చేది. ఒక్కసారి కోటమ్మని కూర్చోబెట్టి ముగ్గురం మాట్లాడుకుంటే ఏమయ్యేది? నేను ఆ ఏర్పాటు చెయ్యలేదు. కోటమ్మ ప్రతి కోతకీ మా తోటకే వచ్చేది, ప్రతి పండక్కీ మా ఇంటికే వచ్చేది. నేను అడిగింది లేదు.

ఈ వేసవి సెలవులు ఇంకా ఇవ్వకముందే, కాలేజీలో పరీక్ష పేపర్లు దిద్దుతూ, కుర్చీలోనే తల వాల్చేసిందట. గుండె అన్నారు. గౌను ఒకటి కుట్టించి పెట్టెలో పెట్టి ఉంచింది.

చుట్టాలంతా వెళ్లాక, పెరట్లో కోటమ్మ గిన్నెలు తోముతోంది. నేను అరుగు మీద కూర్చున్నాను. విస్తరాకుల దగ్గర ఇప్పుడు నల్ల చీమలు కూడా చేరాయి.

"ఇందాక ఆవిణ్ణి పిలిచారు కదండీ" అంది కోటమ్మ. "నా గుండె జల్లుమంది."

ఆమె గిన్నె కింద పెట్టి, బూడిద చేతులు అలాగే ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మగారండీ, ఆ రోజు నేను గీత గీశానండీ."

"ఏ గీతే?"

"మందు గీతండీ. పొద్దున్నే, ఆవిడ రాకముందే గీశాను. కనబడకుండా పైన ఎండాకులు కప్పాను. గీత ఉందిగా అన్న ధైర్యంతోనే కాయలేరడానికి పరిగెత్తానండీ. గాలి మొత్తం ఊడ్చుకుపోయింది."

ఇవాళ వాడు ఆ పిల్ల చెట్టు దిక్కుకే రావట్లేదు. ఒకటికి రెండుసార్లు అంది వదిన. మందు గీత ఉన్న చోటికి ఎలా వస్తాడు?

"ఆవిడకి మాటిచ్చావు కదే" అన్నాను.

"ఇవ్వక ఏం చేస్తానండీ, తోట మీది. ఆ ముందు రోజు దాకా మానేశాను కూడా. నిద్ర పట్టలేదండీ. ఎంత చదువుకున్నోళ్లు చెప్పినా, పిల్లని ఈగల కాపలాకి ఒదిలేస్తానాండీ? తల్లినండీ నేను."

ఇన్నేళ్లూ, మా వదిన చెప్పగానే నమ్మేసిన అమాయకురాలు కోటమ్మ అనే అనుకున్నాం మేమిద్దరం. వదిన తన పాపమంతా ఆ అమాయకత్వం మీదే కట్టుకుంది.

"మరి ఆస్పత్రిలో చెప్పలేదేం?"

"చెబుదామనే నోరు తెరిచానండీ. ఆలోపే ఆవిడ తన మీద వేసేసుకున్నారు. మాట తప్పానని తెలిస్తే పని పోతుందని జడిశాను. తర్వాత చూస్తే ఆవిడ పిల్ల కోసం వస్తున్నారు, ఒళ్లో కూర్చోబెట్టుకుంటున్నారు. దానికి ఆవిడంటే ప్రాణం. చెబితే ఇంక రారేమోనని... వచ్చే ఎండాకాలం చెబుదాం, వచ్చే ఎండాకాలం చెబుదాం అనుకుంటూనే ఉన్నానండీ."

వసారాలో గొడుగు చిలక్కొయ్యకి వేలాడుతోంది. కోటమ్మ కూడా దాని వంకే చూస్తోంది.

"నేను చెప్పుంటే, ఆవిడ మళ్లీ ఆ గొడుగేసుకుని తోటలో కూర్చునేవారాండీ?"

'పోనీలే కోటమ్మా, పిల్ల బాగానే ఉందిగా' అన్న మాట అలవాటుగా నా నోటి దాకా వచ్చింది. ఆ ఒక్క మాటతోనే నేను మా వదిన నోరు ఇన్నేళ్లు మూయించాను.

"కూర్చునేది కోటమ్మా" అన్నాను. "నేను నిన్ను అడిగున్నా కూర్చునేది."